సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనేవాళ్లు నా బొలేరో పికప్ సంగతి ఒకసారి చదవండి

పాత పికప్‌కి సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేయిద్దామని అడ్వాన్సు ఇవ్వబోతున్నవాళ్లు ఉంటే ఒక్క రోజు ఆగండి. నేను ఆగలేదు. ఇంజన్‌కి 68 వేలు, బిగింపుకి 14 వేలు పెట్టాను. 22వ రోజున బండిని జొన్నాడ దగ్గర తాడు కట్టి లాగించుకున్నాను.

నాది 2012 మోడల్ బొలేరో పికప్, కంప్యూటరు లేని పాత డీఐ డీజిల్ ఇంజన్. లంకల నుంచి అరటి గెలలు రావులపాలెం మార్కెట్‌కి తోలుతాను, మధ్యమధ్యలో రాజమండ్రి కిరాయిలు. మొన్న ఎండాకాలంలో రేడియేటర్ గొట్టం పగిలింది. డ్రైవరు కుర్రాడు టెంపరేచర్ ముల్లు చూసుకోకుండా నడిపేశాడు, ఇంజన్ పట్టేసింది. మా మెకానిక్ విప్పి చూసి, "బ్లాకు బాగానే ఉందండి. బోరు పని చేయించి పిస్టన్లు, బేరింగులు కొత్తవి వేద్దాం. 95 వేలు అవుద్ది, పదిహేను రోజులు పడద్ది" అన్నాడు. బ్లాకు అంటే ఇంజన్ అసలు దిమ్మ, బోరు పని అంటే అందులో పిస్టన్లు ఆడే సిలిండర్లను కాస్త పెద్దగా తొలిచి నున్నగా చేయడం. గెలలు కోతకొచ్చిన టైములో పదిహేను రోజులు బండి లేకపోతే ఎలా అని నాకు టెన్షన్. ఆ కంగారులో ఆటోనగర్‌లో ఒక షాపుకి వెళ్లాను. ఏ ఊరి ఆటోనగరో, ఏ షాపో చెప్పను. ఆ వరసలో నిజాయితీగా బతికేవాళ్లూ ఉన్నారు.

"యాక్సిడెంట్ బండిదండి, 80 వేల కిలోమీటర్లే తిరిగింది" అన్నారు. ఇంజన్‌ని చెక్క దిమ్మల మీద పెట్టి, డబ్బాలోంచి డీజిల్ పైపు ఇచ్చి స్టార్ట్ చేసి చూపించారు. పొగ లేదు, చప్పుడు లేదు. బ్లాకు మీద చెయ్యి వేస్తే మాత్రం వెచ్చగా తగిలింది. నేను వెళ్లకముందే ఓసారి తిప్పి ఉంచారన్నమాట. అరిగిన డీజిల్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదటి స్టార్టింగ్‌లోనే బయటపడుతుంది. వేడెక్కాక, పైగా అందులో చిక్కటి ఆయిల్ పోసి ఉంటే, చాలావరకు దాక్కుంటుంది. ఆయిల్ పోసే మూత తీసి అక్కడ అరచెయ్యి పెట్టినా తెలిసిపోయేది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగుంటే గాలి గుప్పుగుప్పున తంతుంది. మూత తియ్యమని అడిగాను కూడా. "ఆయిల్ చిందుతుందండి, మీ తెల్లచొక్కా పాడైపోద్ది" అన్నాడు. మర్యాద అనుకున్నాను.

ఇంకో పాతిక వేలు వేసుకుంటే కామన్ రైల్ ఇంజన్ (కంప్యూటరు మీద నడిచే డీజిల్ ఇంజన్) పెట్టిస్తాం, పికప్ బాగుంటుంది అని కూడా ఊరించారు. దానికి కంప్యూటరు, వైరింగు, సెన్సర్లు అన్నీ మార్చాలి, కాగితాల తలనొప్పి వేరే. ఆ ఒక్కటీ వద్దన్నాను.

రెండు వారాలు బాగానే తిరిగింది. తర్వాత ఆయిల్ తాగడం మొదలెట్టింది, రెండు రోజులకి ఒక లీటరు. 22వ రోజు లోడుతో గౌతమి బ్రిడ్జి ఎక్కగానే ఆయిల్ లైటు వెలిగింది. బ్రిడ్జి మీద ఆపడానికి భయపడి నెమ్మదిగా అవతలికి తెచ్చేసరికి కింద నుంచి సుత్తితో కొట్టినట్టు టకటకా చప్పుడు.

సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయిల్‌ని పైకి లాగే జల్లెడ నిండా ఎర్రటి సిలికాన్ పేస్టు, సేమ్యా ముక్కల్లా చుట్టుకుని ఉంది. ఆయిల్ కారకుండా అతుకుల మధ్య వేసే గాస్కెట్ల దగ్గర పేస్టు గుమ్మరించి బిగించారు. లోపలికి పొంగింది ఊడి జల్లెడకి అడ్డం పడింది, ఆయిల్ అందక బేరింగు కాలిపోయింది. హెడ్ తీస్తే పిస్టన్ తల మీద 0.50 అని అచ్చు ఉంది, అర మిల్లీమీటరు పెద్ద సైజు పిస్టన్ అని. అంటే అది ఒకసారి బోరు పని అయిపోయిన ఇంజన్. 80 వేలు తిరిగిన ఇంజన్‌కి బోరు పని ఎందుకు పడుతుంది?

షాపుకి ఫోన్ చేస్తే "ఓవర్‌లోడ్ వేశారు, హీట్ చేశారు, మాకు సంబంధం లేదు" అన్నారు. మూడు నెలల గ్యారంటీ అన్నది నోటిమాటే.

ఇది డబ్బుతో పోయే సంగతి అయితే ఈ పోస్టు రాసేవాణ్ని కాదు. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు ఒకటి, బండిలో ఉన్నది ఇంకొకటి. ఇంజన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీవో అనుమతి తీసుకోవాలి, మార్చిన 14 రోజుల్లో తెలియజేసి ఆర్‌సీలో రాయించుకోవాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. సరే, ఇప్పుడైనా రాయిద్దామంటే ఇంజన్ ఎక్కడ కొన్నావో చూపించమన్నారు. నా దగ్గరున్న బిల్లులో "పాత సామాను – 1" అని ఉంది. నంబరు లేదు, ఏ బండిదో లేదు. బ్లాకు మీద నంబరు కొట్టిన చోట మసి తుడిచి చూస్తే సన్నగా గ్రైండర్ గీతలు, ఒక 4 అంకె మిగతావాటికంటే లోతుగా, పక్కకి వాలిపోయి ఉంది. అది చూశాక రాత్రి నిద్రపట్టలేదు. ఎవరి దొంగబండి ఇంజనో మనం మోస్తున్నామేమో!

కొనేముందు ఆ నంబరు తుడిపించి ఫోటో తీసుకోండి. దేశంలో నేరాల రికార్డులు చూసే ఎన్‌సీఆర్‌బీ వాళ్ల వాహన్ సమన్వయ్ వెబ్‌సైట్‌లో ఇంజన్ నంబరు కొట్టి, దొంగతనం కేసు ఉందేమో చూసుకోవచ్చు. అది వచ్చిన బండి ఆర్‌సీ కాపీ అడగండి. బిల్లులో ఇంజన్ నంబరు రాయనంటే అక్కడి నుంచి వచ్చేయండి. సంప్ విప్పి చూపించడానికి ఒప్పుకోకపోయినా అంతే. పొద్దున్నే, చల్లటి ఇంజన్‌ని మీ మెకానిక్ ముందే స్టార్ట్ చేయించండి.

నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. పాత ఇంజన్‌ని ఎక్స్ఛేంజ్ కింద 12 వేలకి ఆ షాపుకే ఇచ్చేశాను. బాగుచేయించుకోగలిగిన బ్లాకు, ఆర్‌సీలో ఉన్న నంబరుతోనే. ఆ 95 వేలు పెట్టుంటే ఏ కాగితం మార్చాల్సిన పనే లేదు. తిరిగి ఇచ్చెయ్యండి, డబ్బులు కడతాను అని మొన్న వెళ్లి అడిగాను. "అది వచ్చిన వారానికే వెళ్లిపోయిందండి" అన్నారు. ఎవరికి అంటే చెప్పలేదు. నా నంబరున్న ఆ ఇంజన్ ఏ బండిలో తిరుగుతుందోనని పోలీస్ స్టేషన్‌లో కాగితం రాసిచ్చి వచ్చాను. బండి చెట్టు కింద ఉంది.