కీప్‌అలైవ్డీ-ఎల్‌వీఎస్: రీలోడ్ కొడితే సరిపోదు

వచ్చే ట్రాఫిక్‌ని చాలా సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ ఎల్‌వీఎస్, దాన్ని నడిపే ప్రోగ్రాం కీప్‌అలైవ్డీ. ఈ జోడీకి నిలకడలో వంక పెట్టడానికి లేదు. ప్యాకెట్ల పనంతా లినక్స్ కెర్నెల్లోనే జరిగిపోతుంది కాబట్టి ఏళ్ల తరబడి దాని జోలికి పోనక్కర్లేదు. తలనొప్పల్లా వర్చువల్ సర్వర్ (క్లయింట్లకి కనిపించే అడ్రస్, పోర్ట్) సెట్టింగ్ మార్చాల్సి వచ్చినప్పుడే.

మార్చడం తేలికే. కాన్ఫిగ్ ఫైల్లో బ్లాక్ దిద్ది, ‘కీప్‌అలైవ్డీ -టీ’తో సింటాక్స్ చూసుకుని రీలోడ్ కొట్టాలి. రీస్టార్ట్ వద్దు, వీఐపీ (క్లయింట్లు వచ్చే వర్చువల్ ఐపీ) ఊడిపోయి బ్యాకప్ నోడ్‌కి దూకుతుంది. ఆ నోడ్‌లోనూ ఇదే మార్పు చేతితో చేయాలి. కాన్ఫిగ్ దానంతటది అక్కడికి చేరదు.

అసలు చిక్కు పాత కనెక్షన్లది. అవి ఫైల్లో కాదు, కెర్నెల్ టేబుల్లో ఉంటాయి. మెయింటెనెన్స్ కోసం రియల్ సర్వర్ (వెనక అసలు పని చేసే సర్వర్) లైన్ చెరిపేసి రీలోడ్ కొడితే, దాని మీదున్న కనెక్షన్ల ప్యాకెట్లను కెర్నెల్ చప్పుడు చేయకుండా పారేస్తుంది. యూజర్‌కి ఎర్రర్ కూడా రాదు, పేజీ అలా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ముందు వెయిట్ (ఆ సర్వర్‌కి ఎంత వాటా పంపాలో చెప్పే అంకె) 0 చేయాలి: కొత్తవి రావు, ఉన్నవి పూర్తవుతాయి.

పర్సిస్టెన్స్ (ఒక క్లయింటుని కొంతసేపు అదే సర్వర్‌కి పంపడం) ఉంటే మాత్రం ఇదీ చాలదు. టైమవుట్ 300 సెకన్లు అనుకోండి, ఆలోపు మళ్లీ వచ్చిన క్లయింటు వెయిట్ 0 ఉన్నా పాత సర్వర్‌కే పోతాడు. పైగా వచ్చినప్పుడల్లా ఆ గడువు పొడుగవుతుంది. ‘ఎక్స్‌పైర్_క్వైసెంట్_టెంప్లేట్’ అనే కెర్నెల్ సెట్టింగ్‌ని (సిస్‌కంట్రోల్) 1 చేస్తేనే ఆగుతుంది. డిఫాల్ట్ 0 ఎందుకు పెట్టారో గానీ, పర్సిస్టెన్స్ వాడేవాళ్లు మొదటిరోజే మార్చుకోవాల్సింది ఇదే.

వెయిట్‌ని ఎల్‌వీఎస్ కమాండ్ ఐపీవీఎస్ఎడీఎమ్ ‘-ఈ’తో అప్పటికప్పుడు మార్చొచ్చు. నాట్ మోడ్‌లో (ప్యాకెట్ అడ్రస్ మార్చి పంపే పద్ధతి) ఉంటే ‘-ఎమ్’ తప్పకుండా ఇవ్వాలి. మర్చిపోతే ఆ సర్వర్ డైరెక్ట్ రూటింగ్‌లోకి (అడ్రస్ మార్చకుండా పంపే పద్ధతి) మారిపోతుంది, వెయిట్ సరిగ్గానే కనిపిస్తుంది, ట్రాఫిక్ ఉండదు. ‘-ఎల్ఎన్’ అవుట్‌పుట్‌లో ఫార్వర్డ్ కాలమ్ ‘మాస్క్’ అనే ఉందా, ‘రూట్’ అయిందా చూడండి.

డబ్ల్యూఎల్‌సీ (వెయిట్‌ని బట్టి తక్కువ కనెక్షన్లున్న సర్వర్‌కి పంపే) అల్గారిథంలో సర్వర్‌ని తిరిగి చేర్చేటప్పుడు ఒకేసారి పూర్తి వెయిట్ ఇవ్వకండి. సున్నా కనెక్షన్లతో ఉంటుంది కాబట్టి కొత్తవన్నీ దాని మీదే పడతాయి. కాష్ వేడెక్కకముందే కుదేలవుతుంది.

డేటాబేస్ ముందు పెట్టేవాళ్లకి ఒక మాట: టీసీపీ ఐడిల్ టైమవుట్ డిఫాల్ట్ 900 సెకన్లు. యాప్ తెరిచి ఉంచుకునే కనెక్షన్ల పూల్లో అంతకంటే ఎక్కువసేపు ఊరికే పడున్న కనెక్షన్ తెగిపోతుంది. ఐపీవీఎస్ఎడీఎమ్ ‘--సెట్’తో పెంచితే రీబూట్ దాకే నిలుస్తుంది. గ్లోబల్ బ్లాక్‌లో ‘ఎల్‌వీఎస్_టైమౌట్స్’ రాసుకోండి, లేదా యాప్‌లో టీసీపీ కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికుందని పంపే చిన్న ప్యాకెట్) సమయం 15 నిమిషాల లోపు పెట్టండి.