రాత్రి సెయిలింగ్‌కి హెడ్‌ల్యాంప్: ఎర్ర లైటుతో నాలుగు సీజన్లు

అమెరికాలోని అనాపొలిస్ నుంచి చీసపీక్ బే (అఖాతం) మీదుగా దక్షిణానికి వెళ్తే సాలమన్స్ ఐలండ్ నలభై నాటికల్ మైళ్ళ పైచిలుకు ఉంటుంది. మాది ముప్ఫై అడుగుల సెయిల్ బోటు. గాలి బాగుంటే తొమ్మిది గంటల ప్రయాణం. అక్టోబర్లో శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరామంటే దాదాపు దారంతా చీకటే. నలుగురం స్నేహితులం కలిసి కొనుక్కున్న బోటు ఇది, ఏటా మూడు నాలుగు రాత్రులు ఇలా తిరుగుతాం. ఇప్పుడు నా తలకి ఉన్న హెడ్‌ల్యాంప్ నాలుగు సీజన్లుగా వాడుతున్నాను. దీనికి ముందు రెండు కొని పక్కన పడేశాను. మోడళ్ళు ఏటా మారిపోతాయి. అందుకని పేర్లు చెప్పను, షాపులో చేతిలోకి తీసుకున్నప్పుడు ఏం చూసుకోవాలో చెబుతాను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒక్కటే: బటన్ మొదటిసారి నొక్కగానే ఏ లైటు వెలుగుతుంది?

నా మొదటి హెడ్‌ల్యాంప్‌లో ఎర్ర లైటు ఉందని డబ్బా మీద పెద్దగా వేశారు. ఉంది కూడా. కానీ దాని దాకా వెళ్ళాలంటే పెద్ద తెల్ల లైటు, మధ్యరకం తెల్ల లైటు, చిన్న తెల్ల లైటు, ఈ మూడూ దాటాలి. ఇంట్లో చూసుకున్నప్పుడు ఇది లోపమని తట్టనే లేదు. థామస్ పాయింట్ దీపస్తంభం దాటిన కాసేపటికి మాకు రవాణా ఓడల భయం మొదలైంది. బాల్టిమోర్ రేవుకి వచ్చే పెద్ద ఓడలు అక్కడి లోతైన ఓడల దారిలోనే నడుస్తాయి. చుక్కాని దగ్గర మావాడు ఉన్నాడు. తాడు ఎక్కడ చిక్కుకుందో చూద్దామని అతని వైపు తిరిగి బటన్ నొక్కాను. "ఒరేయ్, కళ్ళలో కొట్టేశావురా, నాకేం కనపడట్లేదు" అన్నాడు. నిజంగానే కనపడలేదు. అప్పటిదాకా వెన్నెల్లో పీతల బోనుల బెండ్లు ఒక్కొక్కటే తప్పించుకుంటూ వచ్చినవాడు, తర్వాత పావుగంట సేపు నీళ్ళకీ ఆకాశానికీ తేడా తెలియకుండా కూర్చున్నాడు. చుక్కాని నేను తీసుకున్నాను గానీ, తెల్లటి డెక్ మీద పడి తిరిగొచ్చిన వెలుగుకి నా కళ్ళు కూడా అంతంతమాత్రంగానే ఉన్నాయి. ఆ పావుగంట నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కారణం మన కంట్లోనే ఉంది. చీకట్లో చూసే కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుగు పడగానే అది విరిగిపోతుంది, మళ్ళీ కూడటానికి ఇరవై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. ఈ కణాలు నీలం, ఆకుపచ్చ వెలుగుకి బాగా స్పందిస్తాయి, ముదురు ఎరుపుని మాత్రం పెద్దగా పట్టించుకోవు. ఎర్ర లైటు వాడటం వెనకున్న లెక్క ఇంతే. ఇంకో సంగతి, ఈ కణాలు కంటి నడిమధ్యలో ఉండవు. అందుకే దూరంగా మసగ్గా ఉన్న దీపాన్ని సూటిగా చూస్తే కనపడదు, కొంచెం పక్కకి చూస్తే కనపడుతుంది. ఇది తెలిశాక నాకు బే మీద రాత్రి చూపే మారిపోయింది.

ఇప్పటి దాంట్లో ఎర్ర లైటుకి విడిగా బటన్ ఉంది. పైన ఎడమవైపు చిన్న బుడిపె, చేతికి గ్లౌజు ఉన్నా వేలికి తెలుస్తుంది. నొక్కితే ఎరుపు, మళ్ళీ నొక్కితే ఆరిపోతుంది. తెలుపు కావాలంటే కుడివైపు పెద్ద బటన్ నొక్కి పట్టుకోవాలి. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరి కళ్ళలోనూ పొరపాటున తెల్ల లైటు కొట్టలేదు. రెండు బటన్లున్నవి దొరక్కపోతే, ఆర్పినప్పుడు ఏ రంగులో ఉందో ఆ రంగులోనే మళ్ళీ వెలిగేవి కొన్ని ఉన్నాయి, అవీ పనికొస్తాయి.

ఎరుపైతే చాలదు, వెలుగు బాగా తక్కువగా కూడా ఉండాలి. ఈ మాట నాకు ముందే ఎవరూ చెప్పలేదు. రెండో హెడ్‌ల్యాంప్‌లో ఎర్ర లైటు ఒకే స్థాయిలో, క్యాబిన్ అంతా ఎర్రబారేంత వెలిగేది. మ్యాప్ చూసి తలెత్తితే బయట అంతా నల్లగోడలా ఉండేది. ఎంత ఎరుపైనా వెలుగు ఎక్కువైతే కంటికి చేటే. కొనగానే ఇంట్లో ఒక పరీక్ష చేయండి. గది తలుపులు మూసి, లైట్లన్నీ ఆర్పి ఇరవై నిమిషాలు కూర్చోండి. తర్వాత ఎర్ర లైటుని అన్నిటికంటే తక్కువలో పెట్టి తెలుగు పేపరు పట్టుకోండి. అక్షరాలు కష్టపడితే గానీ చదవలేనంత వెలుగుంటే, అది బోటుకి సరైనది. హాయిగా చదవగలిగితే ఎక్కువైనట్టే.

ఎర్ర లైటు కింద రంగులు మోసం చేస్తాయి. ఒకసారి కాగితం మ్యాప్ మీద మా దారిని ఎర్ర బాల్‌పెన్‌తో గీసి, మలుపుల దగ్గర డిగ్రీలు కూడా ఎర్రగానే రాశాను. రాత్రి పదకొండింటికి హెడ్‌ల్యాంప్ వేసి చూస్తే కాగితం మీద గీత లేదు, అంకెలు లేవు. ముందు తప్పు మ్యాప్ తీశానేమో అనుకున్నాను. ఎర్ర వెలుగులో తెల్ల కాగితమూ, ఎర్ర సిరా ఒక్కలాగే కనపడతాయి. మ్యాప్‌ని ఏటవాలుగా పట్టుకుని పెన్ను నొక్కుడు గుర్తుల్ని వేలితో తడిమి చూసుకున్నాను. ఇప్పుడు మెత్తటి పెన్సిల్ తప్ప వేరేది వాడను.

తాళ్ళ విషయంలోనూ అంతే. బోటు ముందున్న తెరచాపని పైకి లాగే తాడు తెలుపులో ఎర్ర చారలది, పెద్ద చాపని పైకి లాగే తాడు ఒట్టి తెలుపు. పగలు చూస్తే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఎర్ర లైటులో రెండూ ఒకటే. గాలి పెరిగి పెద్ద చాపని కొంత దించి కుదించాల్సి వచ్చిన రాత్రి నేను తప్పు తాడు వదిలాను, ముందు చాప సగం కిందికి జారి నీళ్ళలో పడింది. ఎవరికీ ఏం కాలేదు గానీ, తడిసిన చాపని మళ్ళీ పైకి లాగేసరికి చేతులు పడిపోయాయి. ఆ తర్వాత పెద్ద చాప తాడు మార్చి నీలం చారలది వేయించాం, ఎర్ర వెలుగులో నీలం నల్లగా కనపడుతుంది.

మరో జాగ్రత్త. పడవ ఎడమవైపు ఎర్ర దీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉండాలనేది అంతర్జాతీయ నియమం. వీటితో పొరబడేలా ఇంకో దీపం చూపించకూడదనీ ఆ నియమాల్లోనే ఉంది. నుదుటి మీద ఎర్ర లైటుతో మీరు డెక్ మీద నిలబడి ఎదురు బోటు వైపు చూస్తే, అవతలివాడికి మీ ఎడమవైపు కనపడుతోందన్న అనుమానం రావచ్చు. నేను తల దించి పని చేసేటప్పుడే వెలిగిస్తాను, తల ఎత్తే ముందు ఆర్పేస్తాను. థామస్ పాయింట్ దగ్గరైతే మరీ జాగ్రత్త. 1875 నుంచి నీళ్ళ మధ్య ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ ఆ ఆరు పలకల ఇంటి దీపం ఐదు సెకన్లకోసారి తెల్లగా మెరుస్తుంది. అదే మెరుపు ఎర్రగా కనపడితే మనం లోతు తక్కువున్న వైపుకి వెళ్తున్నట్టు. అక్కడ మన కళ్ళు రంగుని సరిగ్గా పట్టుకోవాలి.

తెల్ల లైటు అసలు వద్దనడం లేదు. ఓడ దగ్గరకొస్తోంది, మనల్ని చూసినట్టు లేదు అనిపిస్తే తెల్ల లైటు మన తెరచాప మీద వేయాలి, చాప అంతా వెలిగిపోయి దూరానికి కనపడుతుంది. అప్పుడు మన చీకటి చూపు కాసేపు పోయినా ఫరవాలేదు. దీనికి నా దాని 350 ల్యూమెన్లు (వెలుగు కొలత) సరిపోతున్నాయి. వెయ్యి ల్యూమెన్లంటూ అమ్మేవాటికి డబ్బు పెట్టకండి.

అయస్కాంతం ఉన్నది మాత్రం కొనకండి. ఆ రెండో హెడ్‌ల్యాంప్ వెనక ఇనుముకి అంటుకునే అయస్కాంతం ఉండేది, కారు రిపేరుకి బాగుంటుంది. దాన్ని తీసి కంపాస్ పక్కనున్న రాడ్డుకి తగిలించాను. కంపాస్ చూస్తూ అరగంట చుక్కాని పట్టాక, కుడివైపు ముందు ఉండాల్సిన, ఒడ్డు మీది కోవ్ పాయింట్ దీపస్తంభం వెలుగు సరిగ్గా బోటు ముక్కు మీద కనపడింది. అంటే ఒడ్డుకేసి పోతున్నాం. హెడ్‌ల్యాంప్ తీసి జేబులో వేసుకోగానే కంపాస్ ముల్లు నెమ్మదిగా తిరిగి అసలు చోటుకొచ్చింది. దాన్ని చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. మామూలు హెడ్‌ల్యాంప్‌ని కూడా ఇప్పుడు కంపాస్‌కి కనీసం మూరెడు దూరంగా ఉంచుతాను, బ్యాటరీల ఉక్కు తొడుగు కూడా ముల్లుని కదిలించగలదు.

నీళ్ళ విషయానికొస్తే, ఎంత నీటిని తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్. ఐపీఎక్స్4 అంటే చిమ్మిన నీళ్ళకి తట్టుకుంటుంది, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో అరగంట ఉన్నా ఫరవాలేదు. బోటుకి 7 ఉండాలి. నాది రెండుసార్లు కాక్‌పిట్ (చుక్కాని పట్టి కూర్చునే చోటు) అడుగున నిలిచిన నీళ్ళలో పడింది, ఏం కాలేదు. బ్యాటరీ ఛార్జింగ్‌దీ, ట్రిపుల్ ఏ సెల్స్‌దీ రెండూ పట్టేది తీసుకోండి. నవంబర్ చలికి ఛార్జింగ్ బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, అప్పుడు జేబులో మూడు లిథియం సెల్స్ ఉంటే ధైర్యం. ఆల్కలైన్ సెల్స్ పెట్టి చలికాలమంతా బోటులో వదిలేస్తే కారిపోతాయి, నా మొదటిది చివరికి అలాగే పాడైంది.

ఇప్పటి దాంట్లోనూ లోపాలున్నాయి. బటన్ లాక్ లేదు, అందుకే సంచిలో పెట్టేటప్పుడు ఒక సెల్ తిప్పి పెడతాను. ఎలాస్టిక్ పట్టీ మూడో ఏడాదికే సాగిపోయింది. బే నీళ్ళు సగం ఉప్పు, ఒడ్డుకి రాగానే మంచినీళ్ళతో కడగకపోతే పట్టీ గరుకుగా తయారై నుదురు ఒరుసుకుపోతుంది. పట్టీకి సన్నటి తాడు కట్టి లైఫ్ జాకెట్‌కి ముడేశాను. మొన్న సెప్టెంబర్లో చాప తాడు తలకి తగిలి హెడ్‌ల్యాంప్ ఊడి బోటు అంచు మీదుగా బయటికి పడిపోయింది. తాడు చివర వేలాడుతూ, నీళ్ళకి జానెడు పైన, ఎర్రగా వెలుగుతూనే ఉంది.