రావులపాలెం దగ్గరి లారీల దాబా: భోజనం, పడక, సంఘం సంగతి

పదహారో నంబరు జాతీయ రహదారి మీద, జొన్నాడ వంతెనకూ సిద్ధాంతం వంతెనకూ నడుమ, అరటి తోటను ఆనుకుని ఉన్న ఈ దాబాను కార్లలో కుటుంబాలతో వెళ్లేవారి కోసం కట్టలేదన్న సంగతి లోపలికి రాగానే తెలుస్తుంది. రంగురంగుల దీపాలు లేవు, ఏసీ గది లేదు, నిలబడి ఫొటో దిగే చోటు అంతకన్నా లేదు. లారీలు నిలుపుకోవడానికి గ్రావెల్ పరిచిన విశాలమైన స్థలం, రేకుల షెడ్డు కింద వరుసగా నులక మంచాలు, ఒక పెద్ద నీళ్ల తొట్టి, కొన్ని మరుగుదొడ్లు, రాత్రీ పగలూ ఆరని పొయ్యి మాత్రం ఉన్నాయి. అంబాజీపేట నుంచి ఉత్తరాదికి కొబ్బరి లోడ్లు పంపే వ్యాపారంలో ఉన్నందువల్ల నేను ఇక్కడ తరచుగా ఆగుతుంటాను. అందువల్ల తిండి గురించి కొంతే చెప్పి, డ్రైవర్లకు ఈ చోటు చేస్తున్న సేవ గురించీ, ఇక్కడ ఎప్పుడూ వినిపించే సంఘం మాట గురించీ ఎక్కువగా రాస్తున్నాను.

భోజనానికి పెద్దగా వంక పెట్టలేము. మధ్యాహ్నం మామిడికాయ పప్పు, ఒక వేపుడు, పులుసు, గడ్డ పెరుగు ఉంటాయి. అన్నం ఎంత అడిగినా వడ్డిస్తారు. రాత్రి చేపల పులుసు ఉంటే మరేదీ అడగనక్కర లేదు. బీహార్, ఉత్తరప్రదేశ్ డ్రైవర్ల కోసం రొట్టెలూ చేస్తారు గాని, అవి మందంగా, నడుమ పచ్చిగా ఉంటున్నాయని వారే నవ్వుకుంటారు. అర్ధరాత్రి దాటాక వేడి చేసి పెట్టే కూరల్లో నూనె ఎక్కువ. టీ మాత్రం ఏ వేళ అడిగినా కొత్తగా కాచి ఇస్తారు.

అసలు మెచ్చుకోవలసింది పడక ఏర్పాటును. భోజనం చేసిన డ్రైవరు దగ్గర గాని, క్లీనరు దగ్గర గాని మంచానికి విడిగా డబ్బు తీసుకోరు. రాత్రంతా ఒక కాపలా మనిషి టార్చిలైటుతో లారీల చుట్టూ తిరుగుతుంటాడు కాబట్టి డీజిల్ తీస్తారనీ, టార్పాలిన్ తాళ్లు కోస్తారనీ భయం లేకుండా క్యాబిన్ వదిలి వచ్చి నడుం వాల్చవచ్చు. బయటివారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. సరుకులో ఏ కొంచెం తగ్గినా తన బత్తాలోంచే కోత పడుతుందని తెలిసిన డ్రైవరు మాత్రం నిర్భయంగా దొరికే నాలుగు గంటల నిద్ర కోసం ఇరవై కిలోమీటర్లు ముందుకు వచ్చి మరీ ఇక్కడ ఆగుతాడు. స్నానపు తొట్టి దగ్గర నీళ్లకు కొరత లేదు. మరుగుదొడ్లు ఉదయం బాగుంటాయి. సాయంత్రానికి ముక్కు మూసుకోవలసి వస్తుంది.

నిజానికి ఈ పడక యజమాని ఇవ్వవలసినది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, కార్మికులు రాత్రి ఆగవలసి వచ్చే చోట విశ్రాంతి గది ఏర్పాటు చేయాలని చెప్పింది. పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసి, దూర ప్రయాణాల్లో అనుమతి మీద రోజుకు 10 గంటల వరకు వెసులుబాటు ఇచ్చింది. అయితే అయిదుగురు లేదా అంతకు మించి పనివారున్న సంస్థలకే ఆ చట్టం వర్తించేది. దాన్ని కలుపుకున్న 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో ఆ పరిమితి పదికి పెరిగింది. ఒకటి రెండు లారీలున్న ఓనర్ల దగ్గర పనిచేసేవారే మన వైపు ఎక్కువ కాబట్టి, చట్టం ఇవ్వవలసిన మంచాన్ని దాబా ఇస్తోంది.

టీ బల్లల దగ్గర సంఘం మాట రాని పూట ఉండదు. డ్రైవర్లందరూ ఒక్కటైతే జీతాలు పెరగవా అని ఒకరు మొదలుపెడతారు. తెలంగాణ బండివాడు ఒకటి, బీహార్ బండివాడు మరొకటి అంటారు. ఈలోగా ఎవరి ఫోనో మోగుతుంది, లేచి వెళ్లిపోతారు. భీమవరం, ఆకివీడు వైపు నుంచి ఐసు వేసిన చేపలతో హౌరాకు, అస్సాంకు బయలుదేరిన బండ్ల వారైతే కూర్చునే తీరికే లేక నిలబడే టీ తాగుతారు. వారిని చూసినప్పుడల్లా నాకు మా కొట్ల దగ్గర సరుకు ఎత్తి దించే ముఠా కార్మికులు గుర్తుకు వస్తారు. అదే లారీకి సరుకు ఎత్తే ముఠాకు మేస్త్రి ఉంటాడు, సంఘం ఉంటుంది, బండికి ఎత్తడానికి ఇంత, దించడానికి ఇంత అని వర్తకులతో కూర్చుని ఒప్పుకున్న రేటు ఉంటుంది. గడువు తీరాక రేటు పెంచకపోతే బస్తా కదలదు. వారంతా ఒకే ఊరివారు, పొద్దున్నే ఒకే చోటికి వస్తారు. డ్రైవరుకు అలాంటి చోటు లేదు. ఉన్నదల్లా ఇలాంటి దాబా, అదీ ఒక్క రాత్రికే.

అలాగని డ్రైవర్లు ఎన్నడూ కలవలేదని అనలేము. ప్రమాదంలో మనిషి చనిపోయినప్పుడు పోలీసులకు గాని, మేజిస్ట్రేటుకు గాని తెలపకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలు విధించే నిబంధనను భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో చేర్చినప్పుడు, 2024 జనవరి 1న దేశంలో అనేక చోట్ల లారీలు, ట్యాంకర్లు నిలిచిపోయాయి. మర్నాటికి హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన వాహనాలను అందరూ చూశారు. ఆ రాత్రే కేంద్ర హోం శాఖ కార్యదర్శి చర్చలు జరిపి, సంప్రదించిన తరువాతే నిర్ణయం తీసుకుంటామని ప్రకటించారు. 2024 జులై 1న కొత్త చట్టం అమలులోకి వచ్చినా ఆ ఉపసెక్షన్‌ను పక్కన ఉంచారు. ఆ రాత్రి చర్చలకు కూర్చున్నది మాత్రం డ్రైవర్ల సంఘం కాదు, రవాణాదారుల సంస్థ అయిన ఆలిండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్. 2018 జులైలో ఎనిమిది రోజులు లారీలు ఆపినదీ ఆ సంస్థే. అప్పటి కోరికలు డీజిల్ ధర, టోల్ రుసుముల గురించినవి. డ్రైవరు జీతం ఆ సమ్మెలో ప్రధానాంశం కాదు.

జైలు భయం అందరికీ ఒక్కటే కాబట్టి అందరూ ఒకేసారి బండి ఆపగలిగారు. జీతం దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరి ఎదుట ఒక్కొక్క ఓనరు ఉంటాడు, ఆ ఓనరు కూడా ఫైనాన్సు వాయిదాలతో సతమతమవుతుంటాడు. "ఆయనే అప్పుల్లో ఉన్నారండి, ఆయన్ని ఏం అడుగుతాం?" అని మండపేట వైపు డ్రైవరు ఒకాయన నాతో అన్న మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. కిరాయిని నిర్ణయించేది సరుకు పంపే మా వంటివారమూ, నడుమ ఉన్న బ్రోకర్లూ. ఆ కిరాయిలో డీజిల్, టోల్, వాయిదా, దారి ఖర్చులు పోగా మిగిలిన దానిలోంచి డ్రైవరుకు ముడుతుంది.

ఒత్తిడి పెట్టవలసింది సరుకు పంపేవారి మీదే అనడానికి హిమాచల్ ప్రదేశ్ సిమెంటు లారీల వ్యవహారం చాలు. బర్మాణా, దాడ్లాఘాట్ ఫ్యాక్టరీల దగ్గర కిరాయి తగాదా వల్ల 2022 డిసెంబరు నుంచి 67 రోజుల పాటు పని స్తంభించింది. 2023 ఫిబ్రవరిలో టన్నుకు కిలోమీటరుకు 12 టన్నుల బండికి 10 రూపాయల 30 పైసలు, 24 టన్నుల బండికి 9 రూపాయల 30 పైసలు అని ఒప్పందం కుదిరింది. కంపెనీ అడిగిన దాని కోసం లారీల వారూ కొంత తగ్గవలసి వచ్చింది నిజమే. కానీ వారు బేరమాడగలిగింది సరుకు బయలుదేరే గేటు ఒక్కటే కావడం వల్ల. అమెరికాలో 1964లో టీమ్‌స్టర్స్ సంఘం నాలుగు లక్షలకు పైగా డ్రైవర్లకు ఒకే జాతీయ ఒప్పందం సాధించింది. 1980లో రవాణా మీద నియంత్రణలు సడలించి, సంఘంలో లేని కొత్త కంపెనీలు తక్కువ కిరాయికి దిగాక ఆ పట్టు సడలిపోయింది.

అందుచేత దేశమంతా ఒక్కటి కావాలన్న మాట కంటే, మన డెల్టాలో లోడు ఎత్తే చోట్ల కలవడం సాధ్యమని నా అభిప్రాయం. కాకినాడ రేవు, ఆక్వా ప్యాకింగ్ షెడ్లు, రైసు మిల్లులు, రావులపాలెం అరటి మార్కెట్టు, మా కొబ్బరి కొట్లు: ఇవన్నీ ఊరూ పేరూ ఉన్న గేట్లే. మొదటి కోరిక జీతం కానక్కర లేదు. లోడింగుకు గాని, అన్‌లోడింగుకు గాని ఇన్ని గంటలు దాటితే హాల్టింగు డబ్బు ఇవ్వాలనీ, అందులో ఇంత భాగం నేరుగా డ్రైవరు చేతికి రావాలనీ అడగవచ్చు. దీనికి ఓనరు కూడా అడ్డు చెప్పడు, అతనికీ లాభమే. ఖర్చు పడేది మా మీద. కొబ్బరి వర్తకుడు ఇలా రాయడం మా వారికి రుచించకపోవచ్చు, కానీ బండి గేటులో ఉన్నంత సేపూ డ్రైవరు నిద్రను మేము ఉచితంగా వాడుకుంటున్నామన్నది కాదనలేని విషయం.

దాబా యాజమాన్యం ఇంకొంచెం శ్రద్ధ పెడితే బాగుండే సంగతులు ఉన్నాయి. మంచాల పక్కన ఫోన్ చార్జింగు ప్లగ్గులు చాలవు; ఉన్న రెండింటి దగ్గరా వంతులు నడుస్తుంటాయి. వేసవిలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పడుకోవడం కష్టం, పైన కొబ్బరాకు పరిచినా కొంత నయం. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే సరుకు లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు గాని, ఇక్కడ ఆగే బండ్లలో ఎక్కువ అంతకు ముందువే. గోడ మీద సినిమా పోస్టర్ల స్థానంలో ఒక బోర్డు పెట్టి, ఏ గేటు దగ్గర ఎంతసేపు నిలిపారో డ్రైవర్లను రాయనివ్వమని క్యాష్ కౌంటరులోని పెద్దాయనను అడిగాను. మిల్లుల వారూ మా గిరాకీయేనని ఆయన మాట దాటవేశారు.

తణుకు వైపు నుంచి వచ్చేవారు సిద్ధాంతం వంతెన దాటాక ఎడమ చేతి వైపు సర్వీసు రోడ్డులోకి దిగాలి. రాజమండ్రి నుంచి వచ్చే పెద్ద బండ్లకు మలుపు ఇరుకు, పగటి పూట తిప్పుకోవడం మేలు. రాత్రి పదకొండు దాటితే మంచాలు నిండిపోతాయి.