సెయిలింగ్ బోటులో సీటు కొంటున్నారా? పైసలు కట్టే ముందు కాపలా వంతుల పట్టీ (వాచ్ లిస్ట్) అడగండి

కొచ్చి నుంచి లక్షద్వీప్‌కు తెరచాప బోటు ప్యాకేజీ అని నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు కొందరు సీట్లు అమ్ముతున్నారు. జర ఆగండి. అమ్మేటప్పుడు "ఇద్దరు స్కిప్పర్లు (బోటు నడిపే కెప్టెన్లు), నలుగురు సిబ్బంది" అంటారు. ఎక్కాక ఉండేది ఒక్క స్కిప్పర్, ఒక కుర్రాడు. రాత్రి కాపలా అంతా పైసలు కట్టినవాళ్ల మీదే. చేతికిచ్చిన పట్టీలో ఒక్కొక్కరికి వరుసగా ఆరు గంటలు, అదీ ఒంటరిగా. వాంతులతో లేవలేనివాళ్ల పేర్లు, వంట చేసేవాళ్ల పేర్లు కూడా అందులోనే!

కొచ్చి నుంచి లక్షద్వీప్ రాజధాని కవరత్తి 404 కిలోమీటర్లు. గంటకు 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్ల పైచిలుకు నడిచే బోటుకు దాదాపు 44 గంటలు పడుతుంది. గంటకు 20 నాటికల్ మైళ్ల వేగంతో సరుకు ఓడ ఎదురొస్తే, 6 నాటికల్ మైళ్ల దూరాన కనిపించిన దీపం పావుగంటలోపే మీదికొస్తుంది. అందుకే పది నిమిషాలకోసారి చుట్టూరా చూడాలి. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ఒంటరి మనిషి కునికితే తట్టి లేపే దిక్కుండదు.

సరైన పట్టీ ఎలా ఉంటుందంటే, ఆరుగురిని మూడు జంటలు చేస్తారు. వంతు నాలుగు గంటలు. సాయంత్రం 4 నుంచి 8 వరకున్న వంతును మాత్రం రెండు రెండు గంటలుగా విడగొడతారు. అప్పుడు రోజుకు ఆరు కాదు, ఏడు వంతులవుతాయి. ఏడును మూడు జంటలకు పంచితే నడిరాత్రి వంతు రోజుకో జంటకు మారుతుంది. సాగర్ ఎడమ కాల్వ కింద ఎప్పుడూ రాత్రి వంతే పడి నీళ్లు కట్టిన రైతుకు ఈ తేడా ఎంతో చెప్పనక్కర్లేదు. స్కిప్పర్ పేరు వంతుల్లో ఉండకూడదు, ఎప్పుడు పిలిచినా లేవాల్సిన మనిషి ఆయన. వంటవాళ్లకు రాత్రి వంతు వద్దు. మొదటి రెండు రోజులు కడుపులో తిప్పడం మామూలే కాబట్టి అదనంగా ఒకరు కావాలి.

వంతు మార్చుకునేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. వంతు ముగిసి దిగేవాళ్లు తర్వాతి జంటను పావుగంట ముందే లేపాలి. తెల్ల టార్చి వేయొద్దు, ఎర్ర దీపం చాలు, లేకుంటే చీకటికి కళ్లు అలవాటు పడవు. బోటు దిశ, గాలి, కనిపిస్తున్న దీపాలు చెప్పి, లాగ్ పుస్తకంలో (ప్రయాణ వివరాలు రాసే పుస్తకంలో) రాసి, పైకొచ్చినవాళ్లు లైఫ్ జాకెట్ తాడు కొక్కెం తగిలించుకున్నాకే కిందికి దిగాలి.

పెద్ద వాణిజ్య ఓడల్లో 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. దాన్ని రెండు ముక్కలకు మించి చేయకూడదు, ఒక ముక్క 6 గంటలకు తగ్గకూడదు. చిన్న బోటుకూ ఆ కొలతే పట్టి చూడండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు పేర్లతో ఉన్న పట్టీ, స్కిప్పర్ల సంఖ్య, మాట తప్పితే వాపసిచ్చే షరతు వాట్సాప్‌లోనైనా సరే రాతలో తీసుకోండి. ఇప్పటికే పైసలు పోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అమ్మినవాళ్లు కొచ్చిలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.