హిస్టరీకి రెండు చిట్టాలు: క్రోమ్, గూగుల్ మై యాక్టివిటీ చాలాకాలం వాడాక

క్రోమ్‌లో హిస్టరీ తుడిచేసి ‘హమ్మయ్య, అంతా పోయింది’ అనుకునేవాళ్లే ఎక్కువ. పోయింది ఒక చిట్టానే. బ్రౌజర్ రాసుకునేది ఒకటి, గూగుల్ అకౌంట్ రాసుకునేది మరొకటి. కంప్యూటర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే (మ్యాక్‌లో కమాండ్, వై) మొదటిది తెరుచుకుంటుంది. రెండోది 2016లో వచ్చిన ‘మై యాక్టివిటీ’ పేజీలో ఉంటుంది. క్రోమ్‌లో తుడిచినా, గూగుల్‌లో వెతికిన మాటలు అకౌంట్‌లో అలాగే ఉంటాయి. ఆ సంగతి డిలీట్ డబ్బాలోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది కానీ చదివేదెవరు?

ముందు క్రోమ్ సంగతి. ఇది 90 రోజుల వరకే గుర్తుపెట్టుకుంటుంది. నాలుగు నెలల కిందట చూసిన పేజీ కోసం ఇక్కడ ఎంత గాలించినా దొరకదు, అకౌంట్ చిట్టాలో వెతకాల్సిందే. పాత పేజీలు మళ్లీ మళ్లీ అవసరమయ్యేవాళ్లకు ఇది పెద్ద లోటు. ఫైర్‌ఫాక్స్ రోజులు లెక్కపెట్టదు, చిట్టా బాగా పెరిగినప్పుడే పాతవి తీసేస్తుంది. ఈ ఒక్క విషయంలో దానికే మార్కులు.

వెతకడం మాత్రం బాగుంది. అడ్రస్ బార్‌లో @ గుర్తు పెట్టి, పక్కనే హిస్టరీ అని ఇంగ్లీషులో కొట్టి, ట్యాబ్ నొక్కాక ఏ మాట టైపు చేసినా మీరు చూసిన పేజీల్లోనే వెతుకుతుంది. పేజీ లోపలి రాతను కాదు, పేజీ పేరును, అడ్రస్‌ను మాత్రమే చూస్తుంది. తెలుగు పేజీలకు ఇక్కడో కిటుకు ఉంది. మాట మొదటి భాగం కలిస్తే పట్టుకుంటుంది కాబట్టి ‘తిరుపతి’ అని కొడితే ‘తిరుపతిలో’ అన్న పేజీ కూడా వస్తుంది. ‘తిరుపతికి’ అని కొడితే ఉత్త ‘తిరుపతి’ రాదు. ‘ఇల్లు’ అని వెతికితే ‘ఇంటి పన్ను’ ఎప్పటికీ తగలదు. విభక్తి తీసేసి, మారని ముక్కతో వెతకండి. తెలుగు లిపిలో చూసిన పేజీని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి వెతికినా లాభం లేదు, రెండూ దానికి వేర్వేరు మాటలే.

తుడిచేటప్పుడు తప్పు ఎక్కువగా జరిగేది సమయం దగ్గర. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కితే వచ్చే డబ్బాలో పైన కాలం ఎంచుకోవాలి: 15 నిమిషాలు, గంట, 24 గంటలు, 7 రోజులు, 4 వారాలు, మొత్తం. దాన్ని చూడకుండా డిలీట్ నొక్కితే పావుగంటో, గంటో మాత్రమే పోయి మిగతాదంతా ఉండిపోతుంది. రెండో తప్పు కుకీల (సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్ల) టిక్కు. హిస్టరీ ఒక్కటే పోవాలంటే కుకీల దగ్గర టిక్కు తీసేయండి. లేకపోతే చాలా సైట్లలో లాగౌట్ అయిపోయి, ఒక్కో దాంట్లో మళ్లీ ఓటీపీలు కొట్టుకుంటూ కూర్చోవాలి. మూడోది సింక్, అంటే ఒకే అకౌంట్ ఉన్న పరికరాలన్నిట్లో హిస్టరీ ఒకేలా ఉంచే ఏర్పాటు. కంప్యూటర్, ఫోన్ ఒకే అకౌంట్‌తో సింక్‌లో ఉంటే ఒకచోట తుడిచిన హిస్టరీ రెండోచోట కూడా పోతుంది. ఫోన్‌లో చోటు ఖాళీ చేద్దామని తుడిస్తే ఆఫీసు కంప్యూటర్‌లో కావాల్సిన పేజీలూ కొట్టుకుపోతాయి. చోటు కోసమైతే క్యాష్ (పేజీలు త్వరగా తెరుచుకోవడానికి దాచుకున్న బొమ్మలు, ఫైళ్లు) టిక్కు ఒక్కటి చాలు.

అడ్రస్ బార్‌లో రెండక్షరాలు కొట్టగానే ఇబ్బంది పెట్టే సూచన ఒకటే వస్తుంటే మొత్తం తుడవక్కర్లేదు. బాణం మీటతో దాని మీదికి వెళ్లి షిఫ్ట్, డిలీట్ నొక్కండి, ఫోన్‌లో అయితే దాన్ని నొక్కి పట్టుకోండి. అయినా తిరిగొస్తుంటే అది బుక్‌మార్క్ నుంచి వస్తూ ఉండొచ్చు.

ఇక మై యాక్టివిటీ. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్, డేటా అండ్ ప్రైవసీ, అక్కడ ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’. దారి ఇంత పొడుగు కాబట్టి ఆ పేజీని బుక్‌మార్క్ చేసుకోవడమే మేలు. దీని బలం వడపోత. తేదీ, ప్రాడక్ట్ ఎంచుకుని, ఒక మాట వెతికి, వచ్చిన ఫలితాల్ని మాత్రమే డిలీట్ చేయవచ్చు. ఒక జబ్బు గురించి వారం రోజులు వెతికారు, ఇప్పుడు ఆ జాడ వద్దు: జబ్బు పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, మందు పేరుతో ఇంకోసారి వెతికి తుడవాలి. ఒక్కసారితో పోదు. గొంతుతో వెతికినవి మిషన్ విన్నట్టు రాసుకుంటుంది, ఆ స్పెల్లింగ్ మీరు ఊహించింది కాకపోవచ్చు. అప్పుడు మాటతో కాకుండా తేదీతో పట్టుకోండి.

ఆటో డిలీట్‌కి మూడు గడువులు: 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు. 2020 జూన్ తర్వాత తెరిచిన అకౌంట్లకు వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ మీద 18 నెలలు దానంతటదే పెట్టి ఉంటుంది. అంతకుముందు తెరిచినవాటిని అలా మార్చలేదు. మీ జీమెయిల్ పాతదైతే, మీరే పెట్టి ఉండకపోతే, ఏళ్లనాటి వెతుకులాటంతా అలాగే పేరుకుని ఉండొచ్చు. వాడకం మీద చూస్తే 3 నెలలు మరీ తక్కువ, పోయిన పండక్కి చూసిన రైలు పేజీ కూడా మిగలదు. 18 సరిపోతుంది. వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ స్విచ్ ఆఫ్ చేస్తే ఇకముందు రాసుకోవడం ఆగుతుందే తప్ప పాతది పోదు. దాన్ని విడిగా తుడవాలి. తుడిచాక కూడా ఫలానా రోజు మీరు ఏదో వెతికారన్న సమాచారం ఉండొచ్చు, ఏం వెతికారన్నది ఉండదు.

అదే పేజీలో క్రోమ్ హిస్టరీని కూడా కలపాలా అన్న చిన్న టిక్కు ఉంటుంది. గూగుల్ వద్దని వేరే సెర్చ్ ఇంజన్ పెట్టుకున్నవాళ్లు దీన్ని తప్పక చూడాలి. సింక్ నడుస్తూ ఈ టిక్కు ఉంటే, ఎక్కడ వెతికినా తెరిచిన పేజీలు అకౌంట్‌లో చేరతాయి.

ఫోన్ నలుగురి చేతుల్లో తిరిగే ఇంట్లో ‘మేనేజ్ మై యాక్టివిటీ వెరిఫికేషన్’ ఆన్ చేసుకోండి. పూర్తి హిస్టరీ తెరవాలంటే మళ్లీ పాస్‌వర్డో స్క్రీన్ లాకో అడుగుతుంది. ఇది ఆ పేజీకి తాళమే. సెర్చ్ డబ్బా మీద వేలు పెట్టగానే కింద జారే పాత వెతుకులాటలకు కాదు. వాటిలో ఇప్పుడే వెతికినవి పోవాలంటే గూగుల్ యాప్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి ‘డిలీట్ లాస్ట్ 15 మినిట్స్’ వాడాలి.

యూట్యూబ్ చిట్టా విడిగా ఉంటుంది, దాని ఆటో డిలీట్ కూడా విడిగానే పెట్టుకోవాలి. హాల్లో టీవీకి నాన్న జీమెయిల్ పెట్టి ఉంటే పిల్లల రైమ్స్, అమ్మ సీరియల్ ముక్కలు, తాతయ్య ప్రవచనాలు అన్నీ ఆయన ఫోన్ హోమ్ పేజీలోకి వస్తాయి. హిస్టరీ మొత్తం ఆపేయడం మందు కాదు. 2023 ఆగస్టు నుంచి, హిస్టరీ ఆపి, చెప్పుకోదగ్గ పాత హిస్టరీ కూడా లేకపోతే హోమ్ పేజీ ఖాళీగా కనిపిస్తుంది. ప్రాడక్ట్ వడపోతలో యూట్యూబ్ ఎంచుకుని ఆ ఒక్క సాయంత్రం చూసినవి తీసేయండి, సూచనలు దారికొస్తాయి. గూగుల్ ఏఐ చాట్‌బాట్ జెమినితో మాటలు కూడా ఇంకో చిట్టా. అక్కడ సేవింగ్ ఆఫ్ చేసినా 72 గంటల వరకు సంభాషణ ఉంచుతారు.

పెద్ద ఎత్తున తుడిచే ముందు గూగుల్ టేకౌట్‌లో (అకౌంట్ డేటా దించుకునే పేజీ) ఒక కాపీ దించుకోండి. మై యాక్టివిటీ మామూలుగా హెచ్‌టీఎంఎల్‌గా, అంటే బ్రౌజర్‌లో తెరిచి చదివే పేజీగా వస్తుంది. లెక్కలు తీయాలంటే ప్రోగ్రాములు చదివే జేసన్ ఫార్మాట్‌కి మార్చండి. ఆ ఫైల్లో సమయం మన గడియారం ప్రకారం ఉండదు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉంటుంది, దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. అందులో 15వ తేదీ 19:00 అని ఉంటే మనకు 16వ తేదీ అర్ధరాత్రి దాటాక 12:30. డాలస్‌లో ఉన్నవాళ్లయితే కాలాన్ని బట్టి 5 గానీ 6 గానీ తీసేయాలి.

ఇన్‌కాగ్నిటో (క్రోమ్‌లో హిస్టరీ రాసుకోని విండో) ఈ కంప్యూటర్‌లో చిట్టా మిగల్చదు, అంతవరకే. అందులోనే గూగుల్‌కి సైనిన్ అయితే వెతికినవి అకౌంట్‌లో చేరతాయి. ఏ సైటుకు వెళ్లారో ఆఫీసు నెట్‌వర్క్‌కి, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది. మన దేశంలో సిస్టమ్ లాగ్‌లు (కంప్యూటర్లు తమ పనిని రాసుకునే రికార్డులు) 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో సంస్థలకు ఆదేశం ఇచ్చింది. ఆ లాగ్‌ల దాకా మీ డిలీట్ బటన్ చేరదు.