ఒడిశాలోని పర్లాకిమిడిలో నాన్నగారి వీలునామా రాయించాం, వకీలు గారి పని నచ్చింది

కోర్టు దగ్గర ఆఫీసు. వెళ్లగానే నన్నూ తమ్ముణ్ణీ బయట కూర్చోబెట్టి, "ఆస్తి మీది, ఎవరికేం ఇవ్వాలో మీ నోటితోనే చెప్పండి బాబుగారూ" అని నాన్నగారితో విడిగా మాట్లాడారు. అది నాకు చాలా నచ్చింది, ఎందుకంటే పక్కన పిల్లలుంటే పెద్దాయన మొహమాటపడతారు, రేపు బలవంతంగా రాయించారని ఎవరైనా కోర్టుకెళ్తే అదే పెద్ద చిక్కు. తాతల నాటి పొలంలో తన వాటా వరకే రాయగలరని ముందే చెప్పేశారు. ఒడియాలో రాసిన చిత్తు నాన్నగారికి చదవడం రాదు, అందుకని లైను లైనూ తెలుగులో వినిపించి, ఆ సంగతి కూడా చివర్లో రాశారు. జీడితోట అక్కకే అని నాన్నగారు మధ్యలో మార్పించారు, వకీలు గారు విసుక్కోలేదు. 1925 వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించారు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించమన్నారు. బతికున్నంత కాలం మార్చుకోవచ్చనగానే నాన్నగారి టెన్షన్ తగ్గింది. ఫీజు కాస్త ఎక్కువే, వెయిటింగ్ కూడా. పెద్దవాళ్లను పొద్దున్నే తీసుకెళ్లండి.