ఈవీనా, ప్లగ్-ఇన్‌నా, మామూలు హైబ్రిడ్డా? నల్లగొండ, పాలమూరు రోడ్లకు ఏది మేలు

షోరూమ్‌కు పోయేముందు ఒక్కటి తేల్చుకోండి: కారు రాత్రిపూట ఎక్కడ నిలుస్తుంది? సొంత ఇల్లు ఉండి, కారు కరెంటు మీటరుకు దగ్గరగా నిలిచేటట్టయితే ఈవీ, అంటే పూర్తిగా బ్యాటరీతో నడిచే కారు. అద్దె ఇంట్లో ఉంటూ వీధిలో నిలిపేవారికి పెట్రోలు ఇంజినూ, కరెంటు మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్. ఈ రెంటికీ మధ్య ప్లగ్-ఇన్ హైబ్రిడ్ సరిగ్గా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మన దగ్గర అది కుదరదు, కారణం తర్వాత చూద్దాం.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. ‘స్మార్ట్ హైబ్రిడ్’, ‘మైల్డ్ హైబ్రిడ్’ అని అమ్మేవాటిలో చిన్న మోటారు ఇంజిన్‌కు కాస్త ఊతమిస్తుందంతే, దానితో చక్రాలు తిరగవు. వాటిని పెట్రోలు కార్ల లెక్కలోనే వేయండి. గ్రాండ్ విటారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్‌లలో పై వేరియంట్లు మోటారే చక్రాలను తిప్పగల స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు. వాటిని సాకెట్‌కు తగిలించే పని లేదు, బ్రేకు వేసినప్పుడూ ఇంజిన్ తిరిగినప్పుడూ బ్యాటరీ నిండుతుంది. ఇక్కడ మామూలు హైబ్రిడ్ అంటే ఇవే. ప్లగ్-ఇన్‌లో ఇంజినూ ఉంటుంది, ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ కూడా ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. బ్యాటరీలో ఒక కిలోవాట్-అవర్ అంటే మీటరు మీద ఒక యూనిట్. ఛార్జింగ్‌లో పోయే 10–15 శాతం కలుపుకుంటే, గోడ నుంచి తీసుకున్న యూనిట్‌కు ఈవీ సుమారు 6 కి.మీ. నడుస్తుంది. నెలకు 1,500 కి.మీ. తిరిగితే 250 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలు వేసినా రూ.2,250. స్ట్రాంగ్ హైబ్రిడ్ లీటరుకు 20 కి.మీ. ఇస్తుందనుకుంటే 75 లీటర్లు, లీటరు రూ.108 చొప్పున రూ.8,100. ఏడాదికి తేడా రూ.70 వేలు. అయితే ఇంటి వాడకానికి ఈ 250 యూనిట్లు కలిస్తే బిల్లు పై స్లాబులోకి పోతుంది. గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వచ్చే ఇంట్లో 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి.

పన్నుల్లోనూ ఈవీదే పైచేయి. దానిపై జీఎస్టీ 5 శాతం. పొడవు నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌పై 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. తెలంగాణలో కొని ఇక్కడే రిజిస్టర్ చేయించే ఈవీకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ఉంది. హైబ్రిడ్‌కు లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్) కట్టాల్సిందే. 17 లక్షల కారుకు 17 శాతం వేసుకున్నా దాదాపు 2.9 లక్షలు.

ఇంతా చెప్పి ఒక మాట. నెలకు 600 కి.మీ. లోపు తిరిగేవారికి ఈ ఆదాతో కారు ధరలోని తేడా త్వరగా తీరదు. వారికి చిన్న పెట్రోలు కారు చాలు.

మన జిల్లాల్లో ఈవీ కొన్నవారికి కష్టం ఎక్కువగా ఎర్తింగ్‌తోనే వస్తుంది. ఇక్కడ కింద రాయి, పైన చల్క నేల. ఏప్రిల్, మే నెలల్లో తేమ ఆరిపోయి ఎర్త్ గుంత పని చేయడం మానేస్తుంది. ఛార్జర్ ఎర్ర లైటు చూపించి ఆగిపోతుంది, కారు పాడైందని సర్వీస్ సెంటర్‌కు ఫోన్లు పోతాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి, 5 వోల్టుల లోపు ఉండాలి. ఎక్కువుంటే బొగ్గు, ఉప్పు పోసి కొత్త గుంత తీయించండి, ఎండాకాలం వారానికోసారి అందులో నీళ్లు పోయండి.

3.3 కిలోవాట్ల ఛార్జర్‌కు 4 చ.మి.మీ. రాగి వైరు, 16 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్ వేయించాలి. మామూలు పవర్ సాకెట్ గంటల తరబడి నిండు కరెంటు మోయలేక లోపలే కరుగుతుంది. 7.2 కిలోవాట్లయితే 6 చ.మి.మీ. వైరు. రెంటికీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి. చాలా ఇళ్లలో మంజూరైన లోడు 1–2 కిలోవాట్లే కాబట్టి ముందు దాన్ని పెంచించుకోండి. 3.3 కిలోవాట్లతో పది గంటలు పెడితే 190 కి.మీ. పైచిలుకు వస్తుంది, నల్లగొండ–మిర్యాలగూడ రోజూ పోయి వచ్చేవారికి అదే ఎక్కువ. సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్లలో రాత్రి 11 తర్వాత టైమర్ పెట్టండి. బోరు మోటారు కనెక్షన్ జోలికి మాత్రం పోవద్దు. అది సేద్యానికిచ్చిన కరెంటు, పైగా పొరపాటున రెండు ఫేజుల మధ్య తగిలిస్తే 400 వోల్టులకు ఛార్జర్ మాడిపోతుంది.

రోడ్డు మీద ఒక ఛార్జ్‌కు ఇన్ని కి.మీ. అని కంపెనీ చెప్పిన రేంజ్‌ను నమ్మి బయల్దేరొద్దు. 45 యూనిట్ల బ్యాటరీ మే నెలలో, ఏసీ వేసుకుని, 90 వేగంతో 100 నుంచి 10 శాతానికి వచ్చేలోపు 250 కి.మీ. ఇస్తుంది. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి, పని చూసుకుని రావచ్చు. 30 యూనిట్లదైతే నగరంలో ఒకసారి పెట్టక తప్పదు. 44వ జాతీయ రహదారి మీద 110–120తో పోతే యూనిట్‌కు 5 కి.మీ. కూడా కష్టమే, గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది మరి (వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు). శ్రీశైలం పోయేవారు మన్ననూరు అటవీ శాఖ గేటు దాటేముందే పోయి వచ్చేంత ఛార్జ్ ఉందో లేదో చూసుకోవాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసి ఉంటుంది, అడవిలో ఛార్జర్ దొరుకుతుందని పోవద్దు. ఎండకు ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్, వేడిని బాగా తట్టుకునే రకం) బ్యాటరీ, లిక్విడ్ కూలింగ్ (ద్రవంతో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు) ఉన్న మోడల్ మేలు. వేడెక్కిన బ్యాటరీని ఫాస్ట్ ఛార్జర్‌కు పెడితే అదే ఛార్జింగ్ వేగం తగ్గించుకుంటుంది; మీరు కంగారు పడొద్దు.

ప్లగ్-ఇన్‌కు ఒక మంచి గుణముంది: రోజుకు 50 కి.మీ. కరెంటుతో, దూరం పోతే పెట్రోలుతో. కానీ దేశంలో దొరికేవి దాదాపు అన్నీ ఖరీదైన తరగతివే, వాటికి ఈవీ మినహాయింపూ వర్తించదు. ఇంట్లో సాకెట్, ఎర్తింగ్ ఖర్చు ఈవీకి అయినంతా దీనికీ అవుతుంది. బ్యాటరీ చిన్నది కాబట్టి రోజూ నిండి రోజూ ఖాళీ అవుతుంది, ఏడాదికి 300 సైకిళ్లు (ఒకసారి నిండి ఖాళీ అయితే ఒక సైకిల్). పెద్ద ఈవీ బ్యాటరీకి అదే తిరుగుడులో వందకు మించవు. ఛార్జింగ్ పెట్టడం మానేస్తే ఆ బరువంతా పెట్రోలుతో మోయాలి. ఆయిల్ మార్పు, ఫిల్టర్లు ఎలాగూ ఉంటాయి.

స్ట్రాంగ్ హైబ్రిడ్ ఊళ్లో, ట్రాఫిక్‌లో బాగా ఆదా చేస్తుంది. విజయవాడ హైవే మీద ఒకే వేగంతో పోతే ఆ ఆదా తగ్గిపోతుంది, బ్రేకు వేసే అవసరమే రాదు కదా. వెనుక సీటు పక్కనుండే బ్యాటరీ గాలి రంధ్రానికి బియ్యం సంచి అడ్డం పెట్టొద్దు, మన దుమ్ముకు దాని ఫిల్టర్ ప్రతి సర్వీసులో శుభ్రం చేయించండి. ఈవీ అయినా, హైబ్రిడ్ అయినా దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టించి లోపలి భాగాలు దెబ్బతింటాయి; నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ బండినే పిలవండి.